మూడో బెజ్జం

మా అత్తగారు కొడుక్కి దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేస్తుంటే, కూరలోకి పనికొచ్చేవి దండగ చేస్తున్నారని ఆవిడతో పోట్లాట పెట్టుకున్న కోడలిని నేను. బళ్ళో ఏడో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే "నువ్వు చూసినవా, విన్నవా?" అని నిలేసేదాన్ని. అందరూ విన్నామనే అంటారు. చూశామని గట్టిగా ఒక్కరూ అనరు. అక్కడితో నా వాదన గెలిచినట్టే.

ఇప్పుడు చెప్పేది నేను విన్నది కాదు. నా చేతులతో జరిగింది. ఇందులో చీకట్లో జరిగింది ఒక్కటి కూడా లేదు, అంతా పట్టపగలే. అందుకే ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడదు.

డెబ్భైల మధ్యలో మేం నది మీది పురానాపూల్ వంతెనకు దగ్గర్లో, ఒక గల్లీలో, రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన యాదగిరికి కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో పని. పొద్దున షిఫ్టు అయితే అయిదింటికే బస్సెక్కేవాడు. నేను పనిచేసే బడి నడిచి పోయేంత దూరం. అప్పటికి మాకు పిల్లలు లేరు. ఫ్యాక్టరీ క్యాంటీను వెనక కుక్క ఈనితే, అందులో ఒక పిల్లను మా ఆయన అన్నం సంచిలో వేసుకుని తెచ్చాడు. "డబ్బా ఏది?" అన్నాను. "డబ్బా బస్సుల మర్చిపోయిన. దీన్ని మాత్రం మర్వలే" అన్నాడు. వాడే జిమ్మీ.

గోధుమరంగు ఒళ్ళు, వేలాడే చెవులు, ఎత్తుకుంటే పది పన్నెండు కిలోల బరువు, అంతే. మాకు వాకిలి లేదు, పెరడు లేదు. కాబట్టి రెండు పూటలా వాణ్ణి బయట తిప్పాల్సిందే. మా ఆయనకు షిఫ్టులు, కాబట్టి ఆ పని నాది. చీర కట్టుకున్న ఆడమనిషి కుక్క గొలుసు పట్టుకుని గల్లీలో పోవడం అక్కడ వింత. "టీచరమ్మ కుక్కను బడికి తోల్కపోతున్నది" అని నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

పొద్దున్నే నమాజుకు పోయి తిరిగొచ్చేవాళ్ళు కనబడితే నేను గోడ పక్కకు జరిగి, గొలుసు పొట్టిగా పట్టుకుని, జిమ్మీని కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడేదాన్ని. కుక్క తడి మూతి బట్టలకు తగిలితే వాళ్ళు మళ్ళీ కడుక్కోవాలి. అది నాకు ఎవరూ చెప్పింది కాదు, అలాంటి గల్లీలోనే పుట్టి పెరిగినదాన్ని.

జిమ్మీకి మనుషులంటే ప్రాణం. సాటి కుక్కలంటే మాత్రం చచ్చేంత భయం. ఎదురుగా కుక్క కనబడితే ముందు గొంతు చించుకుని మొరిగేవాడు, తర్వాత నా చీర కుచ్చిళ్ళలో దూరేవాడు. ఆ మొరగడం పౌరుషం కాదు, భయమేనని తెలుసుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. మొదట్లో గొలుసు బిగించి లాగేదాన్ని. లాగినకొద్దీ ఇంకా రెచ్చిపోయేవాడు. భయపడే పిల్లను బెంచీ ఎక్కించి నిలబెడితే ఎక్కం వస్తుందా? రాదు. వీడికీ అంతే అనుకుని పద్ధతి మార్చాను.

కొంగున జొన్నరొట్టె ముక్కలు కట్టుకుని బయల్దేరేదాన్ని. దూరంగా కుక్క కనబడగానే, వాడు చూసి బిగుసుకోకముందే, ఒక ముక్క వాడి ముక్కు దగ్గర పెట్టి తల నా వైపు తిప్పేదాన్ని. గొలుసు వదులుగా ఉంచేదాన్ని. ఎదురెదురుగా పోకుండా గల్లీకి అవతలి పక్కనుంచి చుట్టు తిరిగి దాటించేదాన్ని. ఈ రోజు పది అడుగుల దూరం ఓర్చుకుంటే రేపు తొమ్మిది. మా ఆయన చూసి, "గా రొట్టెలేవో నాకు పెట్టు, నేను గూడ ఎవ్వర్ని సూసి మొరగ" అనేవాడు.

ఒక్క కుక్క దగ్గర మాత్రం జిమ్మీకి రొట్టె ముక్క అవసరం లేకపోయేది. అది లంగ్డా.

గల్లీ మొగలో పాషా భాయ్ కిరాణా కొట్టు. ఆ కొట్టు అరుగు కింద గోనెసంచి మీద పడుకునే గల్లీ కుక్క లంగ్డా. నల్లది, మెడ లావుగా ఉండేది, ఒక చెవి చీలిపోయి ఉండేది. ఎప్పుడో ఎడ్లబండి చక్రం కింద పడి వెనక కుడికాలు పోయింది. మూడు కాళ్ళు వేసి నాలుగోది ఊరికే ఆనించేది. అందుకే కుంటిది అని ఆ పేరు. కుంటిదైనా ఆ గల్లీలో దాని మాటే చెల్లేది. కట్టెల అడితి దగ్గర అయిదారు కుక్కలు ఉండేవి, అవి నాకు కూడా భయమే. లంగ్డా ముందు నడుస్తుంటే అవి లేచి పక్కకు తప్పుకునేవి. మేం బయల్దేరగానే అది అరుగు కింది నుంచి లేచి మాకు ముందు నడిచేది. వంతెన నడిమి దాకా వచ్చి అక్కడ కూర్చునేది. అవతలి సగం వేరే గుంపుది. అది కూర్చుందంటే మేమూ వెనక్కి తిరగాలని లెక్క.

పాషా భాయ్ దాన్ని ఒక్కనాడూ ముట్టుకోలేదు. అయిదు పూటలా నమాజు చేసే మనిషి. కానీ పొద్దున దాని ముందు రొట్టె వేయనిదే తాను చాయ్ తాగేవాడు కాదు. ఒకసారి కొట్టు తాళం విరగ్గొట్టబోయినవాడి పిక్క పట్టుకుని లంగ్డా గల్లీ అంతా లేపింది. ఆ తర్వాత పాషా భాయ్ పోయి దానికి తన పేరు మీద లైసెన్సు తీసుకున్నాడు. ఆ రోజుల్లో లైసెన్సు తీసుకుంటే ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళు. అది మెడలో ఉంటే కుక్కలు పట్టే బండివాళ్ళు ముట్టుకోరు. చెప్పులు కుట్టేవాడితో పాత తోలు బెల్టు కోయించి, అయిదు బెజ్జాలు పొడిపించి, బిళ్ళ తగిలించి పట్టీ చేయించాడు. కాయితంలో చుట్టి నా దగ్గరికి తెచ్చాడు.

"మీకు కుక్కలు అలవాటే గద టీచరమ్మా. జర మీరు కట్టున్రి. నా చెయ్యే అనుకోని కట్టున్రి."

లంగ్డా మెడ మీద ఎవరు చెయ్యి వేసినా గుర్రుమనేది. నేను దాని ముందు కూర్చుని గదుమ కింద అరచెయ్యి పెట్టాను. అది మెల్లగా మెడ పైకెత్తి, కళ్ళు సగం మూసి, కదలకుండా నిలబడింది. మూడో బెజ్జానికి సరిపోయింది. బకిల్ పడేదాకా మెడ దించలేదు. అప్పట్నుంచి అది వస్తుంటే బిళ్ళ బకిల్‌కు తగిలి సన్నగా మోగేది. మూడు అడుగులు, ఒక మోత, మళ్ళీ మూడు అడుగులు.

ఆ చలికాలం పక్క బస్తీలో పిచ్చికుక్క ఒక చిన్నపిల్లను కరిచింది. దాంతో కుక్కల బండి మా వైపు రోజూ తిరగడం మొదలైంది. గొలుసు ఉన్నా సరే, యజమాని పక్కనే ఉన్నా సరే, బిళ్ళ లేకపోతే పట్టుకుపోతున్నారని గల్లీలో అనుకున్నారు. పోయింది ఏదీ తిరిగి రాదని కూడా అందరికీ తెలుసు. జిమ్మీ బిళ్ళ గడువు తీరి రెండు నెలలైంది. నన్ను పొమ్మని మా ఆయన, ఆయన్ను పొమ్మని నేను. రేపు మాపు అంటూ ఇద్దరం పోలేదు.

ఒక పొద్దున, ఆరున్నర అయి ఉంటుంది. పాషా భాయ్ సరుకుకు బేగంబజార్ పోయాడు, కొట్టు మూసి ఉంది. నేను, జిమ్మీ, ముందు లంగ్డా. గల్లీ మలుపు తిరగబోతే అవతల జాలీబండి కనబడింది. ఇద్దరు మనుషులు పొడుగు పటకార్లతో అడితి దగ్గర ఒక కుక్కను పట్టి లోపల వేస్తున్నారు. వాళ్ళు ఇంకా మమ్మల్ని చూడలేదు. వెనక్కి పరుగెత్తితే జిమ్మీ మొరుగుతాడు. గొలుసు పొట్టిగా పట్టుకుని అక్కడే ఆగాను.

లంగ్డా నా పక్కకు వచ్చి నిలబడింది. నేను వంగి దాని గదుమ కింద చెయ్యి పెట్టాను.

అది మెడ ఎత్తింది. మొదటి రోజు ఎత్తినట్టే ఎత్తింది.

బకిల్ తీశాను. పట్టీ జిమ్మీ మెడకు వేశాను, వాడి సన్నని మెడకు అయిదో బెజ్జం కూడా వదులే. నేను అనుకున్నది ఇది. లంగ్డాకు ఈ గల్లీలో ప్రతి సందూ తెలుసు, నది మెట్లు దిగి పోతుంది, అయిదు నిమిషాల్లో మళ్ళీ కట్టేయొచ్చు. "పో" అన్నాను. కదలలేదు. కాలు నేలకేసి కొట్టి మళ్ళీ "పో" అన్నాను. అది మెడ అలాగే ఎత్తి పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను మళ్ళీ కడతానని నిలబడింది.

బండివాళ్ళు వచ్చారు. జిమ్మీ మెడలో బిళ్ళ చూశారు. "ఇది ఎవరిదమ్మా?" అని లంగ్డాను చూపించి అడిగారు. నేను జిమ్మీని ఎత్తుకుని గోడవైపు తిరిగాను. వెనక నాకు ఏ చప్పుడూ వినబడలేదు. పట్టుకున్నప్పుడు ప్రతి కుక్కా ఏడుస్తుంది. అది ఏడవలేదు.

ఇంటికి వచ్చి తలుపేసుకుని, జిమ్మీ మెడకు పట్టీ కనబడకుండా పాత జాకెట్టు గుడ్డ చుట్టాను. మెడ మీద పుండు అయిందని చెప్పొచ్చు అనుకున్నాను. బండి ఆ వారమంతా తిరుగుతుంది కదా, బిళ్ళ తీసే ధైర్యం లేదు. మధ్యాహ్నం పాషా భాయ్ అడిగితే, బిళ్ళ ఎక్కడో ఊడిపోయినట్టుంది, బండివాళ్ళు పట్టుకుపోయారు అన్నాను.

ఆయన అరుగు కింది గోనెసంచి వైపు చూశాడు. తర్వాత, "మీరే కట్టిండ్రు గద. గట్టిగనే కట్టిండ్రే" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు తలొంచుకుని వచ్చేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

మూడో రోజు పొద్దున అడితి దగ్గరికి వచ్చేసరికి నేను అలవాటుగా కొంగు ముడి విప్పి రొట్టె ముక్క తీశాను. జిమ్మీ నా వైపు చూడలేదు. మొరగలేదు, కుచ్చిళ్ళలో దూరలేదు. నేరుగా నడిచాడు. అడితి కుక్కలు లేచి పక్కకు తప్పుకున్నాయి. ఒక కుర్రకుక్క వెల్లకిలా పడి పొట్ట చూపించింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. ఇన్ని నెలల నా కష్టం ఫలించిందనుకున్నాను. మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సెలవు రోజున ఆయన మా వెంట వచ్చాడు. వెనక నుంచి చూస్తూ, "ఏందే, వీడు కుంటుతున్నడు?" అన్నాడు.

నేను గమనించలేదు. చూస్తే నిజమే. వెనక కుడికాలు. మూడు అడుగులు వేసి నాలుగోది ఊరికే ఆనిస్తున్నాడు.

అక్కడే కూర్చుని పంజా విప్పి చూశాను. ముల్లు లేదు, గాజుపెంకు లేదు, వాపు లేదు. పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు తుంటి దాకా నొక్కి చూశాడు, జిమ్మీ మూలగలేదు. దవాఖాన వరండాలో నాలుగు కాళ్ళ మీద చక్కగా నడిచాడు. "కాలు మంచిగుంది, ఎందుకు తెచ్చినరు?" అని డాక్టరు నన్నే అనుమానంగా చూశాడు.

సైన్సు టీచర్ని కదా, పరీక్ష పెట్టాను. ఒక రోజు బడి వైపు తిప్పాను, మరుసటి రోజు వంతెన వైపు. అలా ఎనిమిది రోజులు. బడి వైపు నాలుగు రోజులూ వాడు కుంటలేదు, అటు కుక్కలను చూసి ఎప్పటిలాగే మొరిగి నా వెనక దాక్కున్నాడు. వంతెన వైపు నాలుగు రోజులూ, పాషా భాయ్ అరుగు దాటగానే కుంటడం మొదలు. వంతెన నడిమి దాకా కుంటడం. అక్కడ కూర్చోవడం. ఎనిమిదో రోజు ఇంటికి వచ్చి లెక్క చూసుకున్నాను, ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ తర్వాత పరీక్షలు పెట్టలేదు.

బడి వైపే తిప్పుదామంటే తర్వాత వాడు అటు రావడం మానేశాడు. వంతెన వైపే లాగేవాడు. లాగడం కూడా కాదు, నేను ఇటు తిప్పబోతే నేలకు అతుక్కున్నట్టు నిలబడేవాడు. ఎత్తుకుని చంకన వేసుకునే కుక్కను రెండు చేతులా గుంజినా కదల్చలేకపోయాను. పాలసైకిలు మీద పోయేవాడు ఆగి చూసి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వంతెన నడిమిలో జిమ్మీ కూర్చుంటే అవతలి గుంపు రావడం మొదలుపెట్టింది. మొదటి రోజు రెండు కుక్కలు. తర్వాత నాలుగు. ఆ వారం చివరికి ఎనిమిది లెక్కపెట్టాను. ఎదురుగా పది గజాల దూరంలో, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడేవి. జిమ్మీ గుర్రుమన్నాడు. ఆ గొంతు వాడిది కాదు. నేను వాణ్ణి పాలు పట్టి పెంచాను, వాడి ప్రతి కూతా నాకు తెలుసు. ఆ గుంపు మీద పడితే ఒక్క నిమిషంలో చీల్చేస్తుంది. లంగ్డా అయితే నిలబడేది. వీడు పది కిలోల పిల్లవాడు.

ఇంట్లోనే ఉంచుదామని ఒక రోజంతా తలుపు తీయలేదు. వాడు గుమ్మం దగ్గర కూర్చుని, తిండి ముట్టకుండా, ఉచ్చ కూడా పోయకుండా, మెడ ఎత్తి పట్టుకుని నన్నే చూస్తూ ఉన్నాడు. నేను వంటింట్లోకి పోతే తల అటు తిరిగేది. బియ్యం ఏరుతుంటే చేట పక్కనుంచి ఆ చూపు కనబడేది. నా ఇంట్లో, నా కుక్కను చూసి, పగటిపూట, భయపడ్డాను. సిగ్గువిడిచి చెబుతున్నాను, లోపలి గది తలుపు గడియ పెట్టుకున్నాను.

పట్టీ తీసేస్తే పోలేదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. చెయ్యి చాపితే వాడు కరిచేవాడు కాదు. మెడ ఇంకా పైకెత్తి కళ్ళు సగం మూసేవాడు. అది చూసి నా చెయ్యి ముందుకు పోయేది కాదు. ఒకసారి అలా ఎత్తిన మెడకు పట్టీ తీస్తే ఏమైందో నాకు తెలుసు. మళ్ళీ తీస్తే వీడికి అదే అవుతుందని నా మనసులో పడిపోయింది.

శుక్రవారం సాయంత్రం మా ఆయన, "ఆ పుండు ఎట్లున్నదో సూస్త" అని గుడ్డ మీద చెయ్యి వేశాడు. జిమ్మీ ఆయన చెయ్యి పట్టుకుని కరిచాడు. అన్నం సంచిలో తెచ్చి పెంచిన మనిషిని. రక్తం కారింది. మా ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లగా, "ఎల్లుండి ఆదివారం జల్‌పల్లి పోదాం. మా చిన్నాయన పొలం కాడ ఇడిచిపెట్టొస్త. మల్ల ఎవర్నన్న కరిస్తే బండోళ్ళే తీస్కపోతరు" అన్నాడు. బావుల దగ్గర, కంచెల్లో, కుక్కంటేనే వణికే జిమ్మీ ఎన్ని రోజులు బతుకుతాడు?

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం జిమ్మీని పట్టుకుని నేరుగా పాషా భాయ్ కొట్టుకు పోయాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ అనుకున్నాను. వాడి మెడ గుడ్డ విప్పి పట్టీ చూపించాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, "పో" అని రెండుసార్లు అన్న సంగతి కూడా.

ఆయన త్రాసు కింద పెట్టాడు. కోపం వస్తే బాగుండేది. ఆయన కళ్ళు తడిసాయి.

"నేను దాన్ని ఒక్కపారి గూడ ముట్టుకోలె టీచరమ్మా. నా చెయ్యికి బదులు మీ చెయ్యి పెట్టిన. గందుకే అది మీకు మెడ ఎత్తింది."



ఆయన అరుగు కిందికి చూపించాడు. గోనెసంచి అలాగే ఉంది. అది పోయి మూడు వారాలు దాటినా ఆయన తీయలేదు. అంత నీడ ఉన్న చోట ఒక్క కుక్క కూడా పడుకోవడం లేదని, చలికి వణుకుతూ కూడా బయటే ఉంటున్నాయని చెప్పాడు. "ఇప్పినోళ్ళే కట్టాలె. జాగ దానిదే. ఆడనే కట్టున్రి."

మామూలుగా అయితే నవ్వేదాన్ని. నవ్వు రాలేదు. జిమ్మీ ముందు కూర్చుని గదుమ కింద చెయ్యి పెట్టాను. మెడ ఎత్తాడు. కళ్ళు మూసుకుని బకిల్ తీశాను. ఏమీ కాలేదు. వాడు ఒళ్ళు దులుపుకున్నాడు.

పాషా భాయ్ దూరంగా జరిగి నిలబడ్డాడు. నేను మోకాళ్ళ మీద వంగి అరుగు కిందికి తల పెట్టాను. ఎండ పడుతున్న చోటు, చీకటేమీ లేదు, గోనె మీద పాత వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. అక్కడ మెడ ఉంటే ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, ఖాళీ గాలిలో పట్టీని గుండ్రంగా తిప్పాను. పిచ్చిదానిలా ఉన్నానని నాకు తెలుస్తూనే ఉంది. పట్టీ కొస బకిల్‌లోకి దూర్చబోతుంటే నా మణికట్టు లోపలి వైపు వెచ్చగా తగిలింది. ఆగి, మళ్ళీ తగిలింది. ఊపిరి తగిలినట్టే తగిలింది.

పట్టీ వదిలేసి వెనక్కి పడ్డాను. అరుగు రాయి తలకు కొట్టుకుంది. కిందికి మళ్ళీ చూడలేదు. జిమ్మీ గొలుసు అందుకుని లేచాను.

"కట్టిండ్రా?" అన్నాడు పాషా భాయ్.

"కట్టిన" అన్నాను.

అది ఆయనకు నేను చెప్పిన రెండో అబద్ధం. బకిల్‌లో కొస కూడా దూరలేదు, బెజ్జం సంగతి తర్వాత. భయంలో ఆ మాట నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆదివారం పొద్దున మా ఆయన జల్‌పల్లి బస్సుకని చొక్కా వేసుకుంటుంటే, ఒక్కసారి వంతెన దాకా తిప్పి తెస్తానన్నాను. ఆయన కూడా వచ్చాడు. అడితి దగ్గరికి రాగానే కుక్కలు మొరిగాయి. జిమ్మీ ఒక్క కూత కూసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, నా కుచ్చిళ్ళలో దూరి వణికాడు. వాడు వణుకుతుంటే నాకు పండగలా అనిపించింది. రోడ్డు మీదే కూర్చుని వాణ్ణి పట్టుకుని ఏడ్చాను. కొంగున రొట్టె ముక్కలు లేవు, ఆ వారం కట్టుకోవడం మానేశాను. నాలుగు కాళ్ళూ నేల మీద సమంగా పెడుతున్నాడు. మా ఆయన వంగి తల నిమిరితే కట్టు కట్టిన చెయ్యే నాకాడు.

వంతెన మొదట్లోనే జిమ్మీ ఆగిపోయాడు. ముందుకు రానన్నాడు. నడిమిలో ఎవరూ లేరు. అవతలి వైపు నుంచి ఆ ఎనిమిది కుక్కలూ వచ్చాయి. రోజూ వచ్చి ఆగేచోటే ఆగాయి. ఖాళీగా ఉన్న ఆ నడిమి చోటును చూస్తూ నిలబడి, ఒకదాని వెనక ఒకటి తల దించుకుని వెనక్కి పోయాయి. మా ఆయన, "ఎవర్ని సూసి పోతున్నయే అవి?" అన్నాడు. నాకు సన్నగా బిళ్ళ మోత వినబడింది. ఆయనకు వినబడలేదట. కాబట్టి దాన్ని నేను లెక్కలో వేసుకోను.

లెక్కలో వేసుకునేది దీని తర్వాతది. మా ఆయన చాయ్‌కని వంతెన దగ్గరే ఆగాడు, నేను తిరిగొస్తుంటే పాషా భాయ్ కొట్టు తెరుస్తున్నాడు. జిమ్మీ నా వెనక దాక్కుని నడవడం చూసి ముఖం వికసించింది. చేతిలో ఉన్న కర్రతో అరుగు కిందికి చూపించాడు. "మంచిగనే కట్టిండ్రు టీచరమ్మా" అన్నాడు.

వంగి చూశాను. గోనె మీద పట్టీ గుండ్రంగా ఉంది. బకిల్ వేసి ఉంది. మూడో బెజ్జానికి.

ఆయనే వేసి ఉండొచ్చని మీరంటారు. కుక్క మెడకు ఉన్న తోలును ఆయన కర్రతో తప్ప చేత్తో తాకే మనిషి కాదు. సరే, ఎవరో పోయేవాళ్ళు వేశారనుకుందాం. మూడు వారాలు అయిదో బెజ్జంలో ఉన్న పట్టీని, మూడో బెజ్జానికి ఎందుకు వేస్తారు? నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళలో దొరకలేదు. రెండు రోజుల తర్వాత పట్టీ అక్కడ లేదు. పాషా భాయ్ నన్ను అడగలేదు, నేను ఆయన్ను అడగలేదు.

సోమవారమే మా ఆయన సెలవు పెట్టి పోయి జిమ్మీకి కొత్త బిళ్ళ తెచ్చాడు. ఆయనే కట్టాడు. జిమ్మీ ఇంకో తొమ్మిదేళ్ళు బతికాడు, బతికినంతకాలం రొట్టె ముక్కలతోనే కుక్కలను దాటాడు. నేను ఆ తర్వాత ఏ కుక్క మెడ మీదా చెయ్యి వేయలేదు. వాడి మెడ మీద కూడా.

మేం ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా ఏళ్ళయింది. పాషా భాయ్ పోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు కలిసినా, "మీరు కట్టినంక దానికి శాంతి దొరికింది" అనేవాడు. నేను తల ఊపేదాన్ని. మా ఆయనకు కూడా ఈ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది.

ఆ పట్టీ నేను కట్టలేదు.